తవుడుకు కొన్న తమ్ముడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పేరు పైకి పలకడానికి వీల్లేదు. అది మా తాతయ్యగారి తండ్రి పేరు. 'చావును గెలిచినవాడు' అని దాని అర్థం. నా తర్వాత పుట్టిన ఇద్దరు తమ్ముళ్ళకీ వరసగా ఆ పేరే పెట్టారు. మొదటివాడు ఇరవై అయిదో రోజున పోయాడు. రెండోవాడు నలభయ్యో రోజున పోయాడు. ఆ తర్వాత అమ్మ వినేలా ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. నాకిప్పుడు అరవై అయిదు నడుస్తున్నాయి. ఇంత వయసొచ్చాక, ఈ కాగితం మీద కూడా ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పిచ్చి అంటారా, అనండి. ఆ మాట మా ఆయన చేత ముప్పై ఏళ్ళు పడ్డాను, మీ చేత పడితే పోయేదేమీ లేదు.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. ఈ రోజు అక్కడ రోడ్డు దాటడానికి దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు నమ్మరు గానీ, ఆ రోజుల్లో అది ఊరి చివర. ద్రాక్షతోటలు, మధ్యమధ్య సున్నం ఆరని కొత్త ఇళ్ళు, వాటిని చీల్చుకుంటూ విజయవాడ వెళ్ళే రోడ్డు. నేనిప్పుడు కాపురముంటున్న ఎల్బీ నగర్ చోట అప్పుడు ఏ నగరూ లేదు, జొన్నచేలు ఉండేవి. నాన్నకు సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికి, గోదావరి జిల్లా నుంచి మమ్మల్ని తీసుకొచ్చి ఒక ఇంటి వెనక భాగంలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. ముందు భాగంలో ఇంటి యజమానురాలు ఉండేది. యాభై దాటిన మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు, రెండు బర్రెలు మాత్రం ఉండేవి. మేమంతా ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళం.

మా తాతయ్య మాతోనే ఉండేవాడు. వయసులో ఉండగా రంగూన్‌లో తెలుగు బడిలో పంతులుగా పనిచేసి, యుద్ధం రోజుల్లో అడవుల వెంట నడిచి ఇండియా చేరినవాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు దిగడంతో పుస్తకాలు చదవడం ఆగిపోయింది. ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, పేర్లు. ఎవరి పేరు చెప్పినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాడు. నేను వీధిలో పేర్లు ఏరుకొచ్చి ఆయన ముందు పోసేదాన్ని. సుబ్బమ్మ అంటే, పుట్టలో పాలు పోస్తే పుట్టిన పిల్ల అనేవాడు. యాదమ్మ అంటే యాదగిరిగుట్ట మొక్కు. సైదులు అంటే నల్గొండ వైపు దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాడు, హిందువుల పిల్లాడైనా సరే. బర్మావాళ్ళకు ఇంటిపేర్లే ఉండవట. సోమవారం పుట్టినవాడికి క-వర్గంతో, మంగళవారం పుట్టినవాడికి చ-వర్గంతో, ఇలా ఏ వారానికి ఆ అక్షరాలతో పేరు పెడతారట. పేరు వింటే పుట్టిన రోజు తెలిసిపోతుందట. నాకు అది భలే నచ్చి, వారం రోజులు అందరికీ బర్మా పేర్లు పెట్టి తిట్లు తిన్నాను.

ఒకరోజు పెద్దమ్మ అసలు పేరు అడిగాను. "పెంటమ్మ" అంది. నేను ఫక్కున నవ్వాను. ఎనిమిదేళ్ళ పిల్లను, పైగా నాకు నోరెక్కువ. పెద్దమ్మ కోప్పడలేదు. పాలు పితుకుతూ, చెంబు మీంచి చూపు తియ్యకుండా చెప్పింది.

"నా ముంగట ముగ్గురు పుట్టి పోయిండ్రు బిడ్డా. నన్ను కన్నంక మా అవ్వ చేటల పండవెట్టి, తీస్కపోయి పెంట మీద పెట్టొచ్చింది. పక్కింటామె ఎత్తుకొని, సోలెడు తవుడు పోసి నన్ను కొనుక్కున్నది. పాలిచ్చి పెంచింది మా అవ్వనే. గని నేను మాత్రం పక్కింటామె బిడ్డనే. సావు మంచి పేర్లు ఇని ఒస్తది. పెంట దిక్కు ఎవ్వడు జూస్తడు?"

తాతయ్యకు ఈ సంగతి తెలియక కాదు. మా వైపు ఇలాంటివాళ్ళను తవిటయ్య, తవిటమ్మ అంటారని ఆయనే చెప్పాడు. కానీ చెప్పేటప్పుడు మూతి కొంచెం వంకర పెట్టాడు. పేరు అనేది పుట్టగానే మనిషికి ఇచ్చే మొదటి దీవెన అనీ, దాన్ని చీకట్లోకి విసిరేయడం చదువులేనివాళ్ళ భయం అనీ ఆయన అభిప్రాయం. అమ్మ అప్పుడు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఏడో నెల. ఆమె చేతులు బియ్యంలో అలాగే ఆగిపోవడం నేను చూశాను.

ప్రత్యేక తెలంగాణ కావాలని మొదటిసారి పట్నమంతా భగ్గుమన్న సంవత్సరం అది. బడులు మూతపడ్డాయి. గోడల మీద తారుతో రాసిన అక్షరాలు ఎండకు కరిగి కిందికి కారేవి. మధ్యాహ్నాలు మలక్‌పేట వైపు నుంచి ఒక హోరు వినిపించేది. దగ్గరికొస్తుందో దూరమవుతుందో తెలిసేది కాదు. పిల్లలం ఆటలు ఆపి నిలబడిపోయేవాళ్ళం. నాన్న ఆఫీసు పని మీద జిల్లాలకు వెళ్ళి, బస్సులూ రైళ్ళూ ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. మా గుమ్మం పక్కన నాన్న పేరు ఇంటిపేరుతో సహా రాసిన చెక్క ఒకటి ఉండేది. ఒక పొద్దున పెద్దమ్మ వచ్చి దాన్ని ఊడదీసి, అక్షరాలు లోపలికి తిప్పి, మా మంచినీళ్ళ కుండ మీద మూతగా పెట్టి వెళ్ళింది. ఎందుకని అమ్మ అడగలేదు.

పెద్దమ్మ మా పక్షాన ఉందనుకుంటే పొరపాటు. ఉద్యమం అంటే ఆమెకు ప్రాణం. వాళ్ళ అక్క కొడుకు కాలేజీ చదివి బర్రెలు కాస్తున్నాడని, ఆ కొలువుల్లో మావాళ్ళు వచ్చి కూర్చున్నారని మా తాతయ్య మొహానే అనేది. "మా కొల్వులు మాకు గావాలె పంతులూ. గది వేరే ముచ్చట. మీరు నా ఇంట్ల ఉన్నరు, మీ మీద ఈగ వాలనియ్య." తాతయ్య ఆ మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. ఆమె అడిగేది న్యాయమే అని నాతో ఒకటి రెండుసార్లు అన్నాడు కూడా.

బంద్ ఉన్న రోజే అమ్మకు నొప్పులొచ్చాయి. ఆస్పత్రికి దారి లేదు. పెద్దమ్మే పురుడు పోసింది. మగపిల్లవాడు. బొడ్డు కోసి స్నానం చేయించాక, పెద్దమ్మ వాణ్ణి చేటలో పడుకోబెట్టి అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ తలూపింది. పెద్దమ్మ చేటతో బర్రెల కొట్టం వెనక్కి వెళ్ళింది. నేను వెంటపడ్డాను. ఎండలో పెంటకుప్ప మీంచి ఆవిరి లేస్తోంది. పైన గద్దలు తిరుగుతున్నాయి. చేట దాని మీద పెట్టి పది అడుగులు వెనక్కి నడిచి, తిరిగి చూసి, అప్పుడే కంటపడ్డట్టు "అయ్యో, గీ పోరన్ని ఎవ్వలు పారేసిండ్రు" అంది. ఎవరికి వినిపించాలని అంత గట్టిగా అంటోందో తెలియక నేను చుట్టూ చూశాను. మనుషులెవరూ లేరు. వాణ్ణి ఎత్తుకొచ్చి, అమ్మ కొంగులో సోలెడు తవుడు పోసింది. ఇక వాడు మావాడు కాదు. పెంటయ్య, పెద్దమ్మ కొడుకు. మా అమ్మ పాలిచ్చే మనిషి, అంతే. ప్రతి పొద్దునా పెద్దమ్మ వచ్చి వాణ్ణి తిట్టేది, "లే, పెంట మీద దొరికినోడా" అని. తిడుతూనే తల కింద చెయ్యి పెట్టి ఎంత మెత్తగా ఎత్తేదో.

తాతయ్య ఆ తిట్లు వింటూ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ పేరు ఆయన ఒక్కసారి కూడా పలకలేదు. వాడు, పిల్లాడు, చంటాడు అని నెట్టుకొచ్చేవాడు. ఇరవై ఒకటో రోజు వచ్చింది. మా వాడుకలో ఆ రోజు బారసాల చేసి, పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాస్తారు, తండ్రి బిడ్డ చెవిలో ఆ పేరు మూడుసార్లు చెబుతాడు. నాన్న ఇంకా ఇల్లు చేరలేదు, ఈసారి ఏమీ వద్దని అమ్మ కూడా ముందే చెప్పేసింది. ఆ మధ్యాహ్నం అమ్మ స్నానానికి వెళ్ళింది. పెద్దమ్మ గడ్డి కోసం వెళ్ళింది. నేను గడప అవతల గచ్చకాయలు ఆడుకుంటున్నాను. తాతయ్య గోడ తడుముకుంటూ ఉయ్యాల దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. పిల్లవాడి చెవి వెతికి పట్టుకున్నాడు. ఆయన పెదవులు మూడుసార్లు కదిలాయి. అక్షరాలు వినపడలేదు గానీ, అవి ఏమిటో నాకు తెలుసు.

మర్నాడు తెల్లారేసరికి వాడి ఒళ్ళు పెనంలా ఉంది. పాలు పట్టడం లేదు. ఎండ ఎక్కేసరికి ఏడవడం కూడా మానేశాడు. మాడు లోపలికి దిగిపోయింది. అమ్మ ఏడవలేదు. ఈ దారి ఆమె రెండుసార్లు నడిచినదే, ఏ మలుపు తర్వాత ఏముందో ఆమెకు తెలుసు. తాతయ్య మంచం మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఆయన నా వైపు చూస్తున్నాడో, నా వెనక గోడను చూస్తున్నాడో ఆ కళ్ళతో తెలిసేది కాదు. నేను చూశానని ఆయనకు తెలుసేమోనని నాకు భయం. ఎవరికైనా చెబితే అది నిజమైపోతుందని ఇంకా పెద్ద భయం. నోరెక్కువ పిల్లనని చెప్పానుగా, ఆ పూటంతా నా నోరు పెగల్లేదు.

పెద్దమ్మ వచ్చి పిల్లవాణ్ణి చూసి, తన పాత చీర చింపి ఒంటికి చుట్టుకుని వాణ్ణి గుండెల మీద కట్టుకుంది. మలక్‌పేటలో ఒక డాక్టరమ్మ ఉంది, నడిచి పోదాం అంది. రోడ్ల మీద రాళ్ళు అడ్డం పెట్టారని, ఎవరినీ పోనివ్వడం లేదని అప్పటికే పాలవాళ్ళు చెప్పారు. అమ్మ పచ్చి బాలింత, అయినా లేచింది. తాతయ్య కర్ర అందుకున్నాడు. "మీరెందుకు మామయ్యగారూ, చూపు సరిగ్గా ఆనదు కదా" అంది అమ్మ. "బర్మా నుంచి నడిచొచ్చినవాణ్ణి, మలక్‌పేట ఎంత" అన్నాడాయన. గొంతులో మాత్రం ధీమా లేదు. ఆయన చెయ్యి పట్టుకుని నడిపించే పని నాకు పడింది. దారిలో నోరు విప్పొద్దని పెద్దమ్మ మా ముగ్గురికీ చెప్పింది. మొహం చూసి ఎవరూ పోల్చలేరు గానీ, నోరు తెరిస్తే మా గోదావరి బయటపడుతుంది.

ఆ రోడ్డు అంత ఖాళీగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. కిటికీల సందుల్లోంచి ఎవరో చూస్తున్నట్టే ఉంది గానీ మనిషి అలికిడి లేదు. కాలిన టైరు వాసన ముందు నుంచి వస్తోంది. అంటే మేము వాసన లోపలికే నడుస్తున్నాం. పెద్దమ్మ మాటిమాటికీ చీర మడత తీసి పిల్లవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. చూసిన ప్రతిసారీ అడుగు వేగం పెంచేది.

మూసారాంబాగ్ దగ్గర దారి మూసేశారు. బోల్తా కొట్టిన ఎద్దుబండి, తారు డబ్బాలు, బండరాళ్ళు. వాటి వెనక పాతికమంది దాకా యువకులు. చేతుల్లో కర్రలు. పెద్దమ్మ ఆగకుండా వాళ్ళ దగ్గరికే నడిచింది.

"జర తొవ్వ ఇయ్యుండ్రి బిడ్డా. పోరనికి పానం మంచిగ లేదు. దవాఖానకు పోవాలె."

"ఎవ్వల పోరడమ్మా?" అని ఒకడు అడిగాడు.

"నా పోరడే."

వెనక ఎవరో నవ్వారు. యాభై దాటిన ఆమె ఒళ్ళు, తెల్లబడ్డ జుట్టు చూసి ఎవరైనా నవ్వుతారు. వాళ్ళ ముందున్న ఒక పొడుగాటి అబ్బాయి నవ్వలేదు. ఇరవై ఏళ్ళుంటాయేమో. పెద్దమ్మను వదిలి మా మీదికి చూపు తిప్పాడు. ముసుగు కప్పుకున్న అమ్మను, నన్ను, ఉతికిన పంచెలో ఉన్న తాతయ్యను ఒక్కొక్కరినే చూశాడు. తాతయ్య దగ్గర ఆగాడు.

"పెద్దాయనా, నువ్వు చెప్పు. పిలగాని పేరేంది?"

పెద్దమ్మ పిల్లవాణ్ణి ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. ఆమె జవాబు చెప్పడానికి లేదు, అడిగింది ఆమెను కాదు. నాకు ఒక్కటే భయం. ఆయన నోటి వెంట ఆ పేరు, ఆ పెద్ద పేరు వస్తుందని. వస్తే వాళ్ళు మమ్మల్ని ఏం చేస్తారని కాదు. అది వినిపించేంత దగ్గరలో, ఆ ఎండలో, మాకు కనపడకుండా ఇంకెవరో నిలబడి ఉన్నారని నాకు అనిపించింది. ఇవాళ్టికీ ఆ చోట బస్సు ఆగితే నేను కిటికీలోంచి బయటికి చూడను.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు పెదవులు తడుపుకున్నాడు.

"పెంటయ్యండి," అన్నాడు. "మావాడి పేరు పెంటయ్య."

ఆ 'అండి' ఒక్కటి చాలు. "ఆంధ్రోళ్ళు రా" అని ఎవరో అన్నారు. ఒకడు వంగి రాయి అందుకోవడం నాకు కనిపించింది. అమ్మ నన్ను వెనక్కి లాక్కుంది. పొడుగాటి అబ్బాయి వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఎత్తాడు. ఆ రాయి ఆగిపోయింది. అతను మా దగ్గరికి వచ్చి, పెద్దమ్మ గుండెల మీది చీర మడత వేలితో తప్పించి పిల్లవాణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈని ముంగట ఎంతమంది పోయిండ్రు?" అని తాతయ్యను అడిగాడు.

"ఇద్దరు, బాబూ."

"నా ముంగట నలుగురు," అన్నాడు, మాకు మాత్రమే వినపడేలా.

ఇంకేమీ అడగలేదు. తానే వెళ్ళి ఎద్దుబండి కాడి పట్టుకుని పక్కకు లాగాడు. వద్దన్నవాళ్ళతో ఏదో అన్నాడు. మా ముందు నడిచి, తర్వాత వచ్చిన ఇంకో అడ్డం కూడా దాటించి, మలక్‌పేట రైలు వంతెన దాకా వచ్చి ఆగిపోయాడు. అమ్మ వెనక్కి తిరిగి దణ్ణం పెట్టింది. అతను అప్పటికే పరుగెత్తుకుంటూ వెనక్కి పోతున్నాడు.

డాక్టరమ్మ ముస్లిం. పెద్ద మనిషి, కళ్ళజోడు ముక్కు కొసకు జారి ఉండేది. ఇంకో పూట ఆలస్యమైతే చేతులెత్తేయాల్సి వచ్చేదని చెప్పి, సూది వేసి, చెంచాతో ఏవో నీళ్ళు తాగించింది. చీటీ రాస్తూ పేరు అడిగింది. తాతయ్యే చెప్పాడు, ఈసారి తడుముకోకుండా. ఆమె కలం ఆగింది. "మా తమ్ముని పేరు ఫకీర్," అంది. "మా అమ్మకు ముగ్గురు పోయిన్రు. ఈడు పుట్టంగనే మొహర్రంల ఆకుపచ్చ బట్టలేసి, ఏడిండ్లు బిచ్చమడిగి పెంచింది. బిచ్చపోన్ని ఎవరు తీస్కపోతరు, పెద్దాయనా? ఇప్పుడు వాడు నాతోని రోజు కొట్లాడ్తడు." వేల పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పిన మనిషి, పేర్లు పెట్టిన తల్లుల గురించి అప్పటిదాకా ఆలోచించి ఉండడని నాకు ఇప్పుడనిపిస్తుంది.

సాయంత్రం అదే దారిన తిరిగొచ్చాం. పిల్లవాడు పెద్దమ్మ గుండెల మీద కీచుగా ఏడుస్తున్నాడు. మూసారాంబాగ్ దగ్గర ఎవరూ లేరు. ఎద్దుబండి పక్కకు లాగి పెట్టినచోటే ఉంది. రోడ్డు నిండా చెప్పులు, ఒంటి చెప్పులు, దేని జత దానికి లేకుండా పడి ఉన్నాయి. గాలిలో ఇంకా మిగిలిన బాష్పవాయువుకు కళ్ళు మండాయి. పెద్దమ్మ నా కళ్ళు కొంగుతో మూసి నడిపించింది.

ఇంటికొచ్చి పిల్లవాణ్ణి పడుకోబెట్టాక తాతయ్య నేల మీద చతికిలబడ్డాడు. పెద్దమ్మ ఎదుట ఒక మగవాడు అలా కూర్చోవడం నేను చూడలేదు. తానే ఆ పేరు చెవిలో చెప్పానని, వాడికేమైనా అయితే అది తన పాపమేనని గబగబా చెప్పేశాడు. అమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. పెద్దమ్మ మాత్రం పొయ్యి ఊదుతూనే ఉంది.

"నాకెరుకనే," అంది చివరికి. "ముసలోళ్ళు ఊకుంటరా. గని పంతులూ, నా కొడుక్కు నువ్వు పేరెట్ల పెడ్తవ్? సోలెడు తవుడుకు అమ్మినంక ఇంక నీకేం హక్కున్నది? నువ్వు పెట్టిన పేరు వానికి అంటనే అంటది. ఎండకు జ్వరమొచ్చింది, పోయింది. లేశి బువ్వ తిను."

ఆ మాటలతో తాతయ్య ఏడ్చాడు. పెద్దవాళ్ళు ఏడవడం నేను అంతకుముందు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ చావుకే. పోయే ప్రాణం నిలబడ్డందుకు కూడా ఏడుస్తారని ఆ రోజు తెలిసింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది.

పది రోజులో పన్నెండు రోజులో గడిచాయి. ఊరేగింపు మీద కాల్పులు జరిగాయని, కుర్రాళ్ళు పోయారని వార్తలు వచ్చాయి. కర్మన్‌ఘాట్ అవతలి పల్లె నుంచి పాలు తెచ్చేవాడు, పోయినవాళ్ళలో తమ పల్లె కుర్రాడొకడు ఉన్నాడని పెద్దమ్మతో చెప్పాడు. ఆమె పాలచెంబు అక్కడే పెట్టి, అతని వెంట అలాగే వెళ్ళిపోయింది. చీకటి పడే ముందు తిరిగొచ్చింది. లోపలికి రాలేదు. వాకిట్లో తొట్టి దగ్గర నిలబడి, కట్టుబట్టలతో తల మీంచి నీళ్ళు పోసుకుంది. చావింటి నుంచి వచ్చినవాళ్ళే అలా పోసుకుంటారు. తాతయ్య నీళ్ళ చప్పుడు విని బయటికి వచ్చాడు.

"గా పిలగాడే పంతులూ," అంది తడి బట్టలతో. "మనకు బండి జరిపినోడు. నలుగురి ఎనక పుట్టిన అన్నడు గద. గాని పేరు కూడ పెంటయ్యనే."

తాతయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ ఇంకో చెంబు పోసుకుని, ఆగి, మళ్ళీ అంది.

"వాళ్ళవ్వ పెంటయ్యా అని పిలుస్తలేదు. ఏందో వేరే పేరు, మంచి పేరు, గది పెట్టి ఏడుస్తున్నది. ఊర్ల ఒక్కలకు ఎరుక లేదు గా పేరు. పుట్టిన్నాడు అయ్యగారు పెట్టిండంట. ఇరవయ్యేండ్లు కడుపుల దాసుకున్నది. ఇగ దాసుడెందుకని పిలుస్తున్నది."

ఆ మంచి పేరు ఏమిటని తాతయ్య అడగలేదు. దారిన పోయే సోడాబండివాడి పేరుకు కూడా అర్థం చెప్పనిదే నిద్రపోని మనిషి, ఆ ఒక్క పేరు అడగలేదు. పెద్దమ్మ చెప్పనూ లేదు. నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. దాచుకున్న ఆ తల్లికీ, ఎవరి నుంచి దాచిందో ఆ చావుకీ తప్ప ఆ పేరుతో ఇంకెవరికీ పని లేదని నాకు ఆ వయసుకే తోచింది. లోపల మావాడు పాల కోసం గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మ వాణ్ణి సముదాయిస్తూ, మొదటిసారి, "పెంటయ్యా, పెంటయ్యా" అంటోంది. ఆ గొంతులో ఉన్న భయం నేను మరిచిపోలేదు. ఒక తల్లి బతికించుకుంటున్న పేరుతోనే ఇంకో తల్లి పోగొట్టుకుంది. ఇది ఏ లెక్కలో న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

మా తమ్ముడికి ఇప్పుడు యాభై ఆరు దాటాయి. బడిలో, కాలేజీలో, ఆఫీసులో వాడి పేరు విని నవ్వనివాళ్ళు తక్కువ. ఉద్యోగం వచ్చాక మార్చుకుంటానని ఒకసారి గెజెట్ కాగితాలు కూడా తెచ్చాడు. వాడిని కూర్చోబెట్టి, రైలు వంతెన దాకా మా ముందు నడిచిన మనిషి సంగతి చెప్పాను. ఆ కాగితాలు మళ్ళీ నాకు కనపడలేదు.

నేను ముప్పై ఒక్కేళ్ళు పంతులమ్మగా చేశాను. హాజరు పిలుస్తుంటే ఎంగిలాకుల మీద పొర్లించి పేరు పెట్టిన ఒక పుల్లయ్య లేచి తల వంచుకునేవాడు, ఒక పెంటమ్మ గొంతు పెగలక చెయ్యి మాత్రం ఎత్తేది, గదంతా కిచకిచలాడేది. నవ్వినవాళ్ళను నేను కొట్టలేదు, నేనూ నవ్వినదాన్నే. పాఠం అయ్యాక ఆ బిడ్డను పక్కకు పిలిచి ఒకే మాట అడిగేదాన్ని. ఈ ఎల్బీ నగర్‌లో కూరలమ్మేవాడైనా, బ్యాంకులో కుర్రాడైనా, అలాంటి పేరు చెప్పి సిగ్గుపడితే ఇవాళ్టికీ నా నోట మొదట వచ్చేది ఆ మాటే. పేరుకు అర్థం అడగను. మీ అమ్మ బాగుందా నాయనా, అని అడుగుతాను.